ఎవరు చెప్పారన్న గడి

ఆదివారం ఉదయం ఆమె వాషింగ్ మెషిన్ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, కింద మూలనున్న చిన్న తలుపు తెరిచి, ఫిల్టర్ మూత తిప్పింది. తిప్పేముందు నేల మీద పాత తువ్వాలు పరిచింది. పక్కన ప్లాస్టిక్ గిన్నె పెట్టుకుంది, చేతులు పైకి మడుచుకుంది. ఎన్ని చేసినా ఆ మూత ఎప్పుడూ చేసే పనే చేసింది. లోపల నిలిచిపోయిన మురికినీళ్ళు ఒక్కసారిగా బయటపడి, గిన్నెను తప్పించుకుని, తువ్వాలును ముంచి, ఆమె మోకాళ్ళ కిందికి చేరాయి. ఫిల్టర్‌లో ఒక చొక్కా గుండీ, రెండు తలపిన్నులు, ముద్దయిపోయిన పాత బస్సు టికెట్టు దొరికాయి.

"మళ్ళీ నీళ్ళేనా?" అన్నాడు భర్త, కాఫీ కప్పుతో గుమ్మంలో నిలబడి. కాళ్ళు తడవకుండా ఒక అడుగు వెనక్కి వేశాడు. "మీ కంపెనీ మెషినేగా. దాని సంగతి నీకే బాగా తెలుసు."

ఆ మెషిన్ కొని తొమ్మిదేళ్ళయింది. ఆమె పనిచేసే కంపెనీలోనే తయారైంది, ఉద్యోగులకిచ్చే తగ్గింపు ధరకు వచ్చింది. అందువల్ల ఆ ఇంట్లో అది ఆమె పుట్టింటి చుట్టం కింద లెక్క. బాగా నడిచినన్నాళ్ళూ దాని ఊసు ఎవరూ ఎత్తరు, మొరాయించిన రోజు మాత్రం అందరూ ఆమె వైపు చూస్తారు. స్నేహితులు ఇంటికొచ్చినప్పుడు భర్త తరచూ అనే మాట ఒకటుంది. "మా ఇంట్లో బట్టలు మెషినే ఉతుకుతుంది, ఆవిడకేం శ్రమ లేదు." నిజమే, ఉతకడం మెషినే చేస్తుంది. విడిచిన బట్టలు గదిగదికీ తిరిగి ఏరుకురావడం, తెల్లవీ రంగువీ విడదీయడం, జేబులు తడమడం, తిరగేసి ఉన్న మేజోళ్ళను మళ్ళీ తిరగేయడం, ఆరేయడం, చినుకు పడితే పరుగెత్తుకెళ్ళి తీయడం, మడతపెట్టడం, ఎవరి అరలో వాళ్ళవి సర్దడం, మూడు వారాలకోసారి ఇలా చతికిలబడి దాని కడుపు కడగడం, ఇవేవీ ఉతకడం కాదు కాబట్టి శ్రమలోకి రావు.

మూడేళ్ళ క్రితం ఇలాగే మోకాళ్ళు తడిసిన ఒక ఆదివారం, ఆమెకు ఒళ్ళు మండి సబ్బుపొడి డబ్బా నీలం మూత తీసుకుని కత్తెరతో కత్తిరించింది. నాలుకలా ముందుకు వంచి ఫిల్టర్ మూత కింద దూర్చింది. నీళ్ళు దాని మీదుగా బుద్ధిగా జారి గిన్నెలో పడ్డాయి. బయట ఒక్క చుక్క పడలేదు. ఆమె ఆ ముక్కను తుడిచి సంచిలో వేసుకుని మర్నాడు ఆఫీసుకు తీసుకెళ్ళింది. ఆమె వాషింగ్ మెషిన్ల డిజైన్ ఇంజనీరు మరి. టీమ్‌లో ఎనిమిది మంది, అందులో ఆడది ఆమె ఒక్కతే.

ఆ సోమవారం సమీక్షలో డ్రమ్ము వేగం గురించి గంటసేపు మాట్లాడుకున్నారు. చివర్లో ఆమె నీలం ముక్కను టీమ్ హెడ్ ముందు పెట్టి, సంగతేమిటో చెప్పింది. "ఫిల్టరంటే ఏది, కింద ఉంటుందే, అదా? అది తీసి కడగాలా?" అన్నాడు మోటార్ల ఇంజనీరు. పదిహేనేళ్ళుగా మెషిన్లు తయారుచేస్తున్న ఆ ఏడుగురిలో ఒక్కరూ ఇంట్లో ఆ మూత తిప్పిన పాపాన పోలేదని ఆమెకు ఆ క్షణాన తెలిసింది. టీమ్ హెడ్ మాత్రం "బాగుంది, చూద్దాం" అన్నాడు. చూశారు. ఏడాది తిరక్కుండా కొత్త మోడల్ వచ్చింది. ఫిల్టర్ కింద లాగితే జారివచ్చే చిన్న పళ్ళెం. 'ఇక మీ నేల తడవదు' అని ప్రకటనలు వేశారు. జనం ఎగబడి కొన్నారు. ఆమె ఇంట్లో మాత్రం పాతదే ఉంది, ఆఫీసుకు తీసుకెళ్ళిన నీలం ముక్క కూడా తిరిగి రాలేదు. "ఉన్నది బాగానే నడుస్తోందిగా" అన్నాడు భర్త.

ఆ సోమవారం సమావేశం నోట్సు ఇప్పటికీ కంపెనీ రికార్డులో ఉంది. అంశం: ఫిల్టర్ కింద జారే పళ్ళెం. ఎవరు చెప్పారు: టీమ్. ఎవరు చేస్తారు: టీమ్ హెడ్.

ఆ నోట్సు రాసింది ఆమే.

నోట్సు రాయడం ఆమె నెత్తిన ఎప్పుడు పడిందో చెప్పడం కష్టం. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది ఎవరో "మీ రాత ముత్యాల్లా ఉంటుందండీ" అన్నారు. తర్వాత చేత్తో రాయడం పోయి టైపు చేయడం వచ్చింది, అయినా ముత్యాలు ఆమె దగ్గరే ఉండిపోయాయి. పదేళ్ళుగా ప్రతి సోమవారం ఆమే రాస్తుంది. మొదట్లో ఒకసారి, తను చెప్పిన మాట పక్కన 'ఎవరు చెప్పారు' అన్న గడిలో తన పేరే రాసుకుంది. అది చదివి మోటార్ల ఇంజనీరు పెద్దగా నవ్వాడు. "పెన్ను చేతిలో ఉందని మీ పేరే రాసేసుకుంటే మేమంతా ఎందుకొచ్చినట్టండీ!" అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి, పేరు తీసేసి 'టీమ్' అని రాసింది. ఆ తర్వాత మళ్ళీ ఎవరూ నవ్వాల్సిన అవసరం రాలేదు. మాట తనదైతే, సమావేశంలో రాసుకునే స్పైరల్ పుస్తకంలో దాని పక్కన చిన్న చుక్క పెట్టుకునేది. చుక్క కనిపిస్తే టైపు చేసేటప్పుడు 'టీమ్' అని కొట్టాలని గుర్తు.

ఆ కంపెనీలో వేలమంది పనిచేస్తారు. అంతమందిని ఒక్క గొడుగు కింద నిలబెట్టడం కష్టమని కాబోలు, రకరకాల బృందాలు పెట్టారు. ఆడవాళ్ళకొకటి, కొత్తగా తల్లిదండ్రులైన వాళ్ళకొకటి, వినికిడి, చూపు, నడక ఇబ్బందులున్న వాళ్ళకొకటి, యాభై దాటిన వాళ్ళకొకటి. ఒక్కో బృందానికి ఒక్కో రంగు కప్పు. యాభై దాటిన వాళ్ళకు బూడిద రంగు ఇచ్చారు. ఆ రంగు ఎంచిన వాళ్ళకు ముప్ఫై కూడా నిండి ఉండవు. ఆడవాళ్ళ బృందం కప్పు ఊదా రంగుది. నాలుగేళ్ళుగా ఆ బృందానికి కార్యదర్శి ఆమే. గది మాట్లాడటం, బిస్కెట్లు తెప్పించడం, వచ్చిన అతిథి మైకు పనిచేస్తోందో లేదో చూడటం, అన్నీ భోజన విరామంలోనే. నోట్సు సంగతి సరేసరి.

మంగళవారం ఆ బృందం కమిటీ కూర్చుంది. ఐదుగురు ఆడవాళ్ళు, పైన ఈ బృందాలన్నిటినీ చూసుకునే వైవిధ్య విభాగం అధికారిణి. అందరూ ఆవిడను వైవిధ్యం మేడమ్ అంటారు. మంచి మనిషే, గలగలా మాట్లాడుతుంది, ఎవరి పుట్టినరోజూ మరిచిపోదు. శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి వార్షిక సభ. ఆ సభలో ఏటా ఆడవాళ్ళకు అండగా నిలిచిన ఒక మగ ఉద్యోగికి 'తోడు' అవార్డు ఇస్తారు.

"ఈసారి నాకు వెతకాల్సిన పనే లేకుండా పోయింది" అంది వైవిధ్యం మేడమ్. "ఆ ఫిల్టర్ పళ్ళెం ఉంది చూశారూ, ఆడవాళ్ళ కష్టం తెలిసిన మనసుకే అలాంటిది తడుతుంది. డిజైన్ టీమ్ హెడ్‌గారికి ఇద్దాం. జ్ఞాపిక చేయించమని కూడా చెప్పేశాను."

"అది ఆయన ఆలోచనేనా?" అంది శబ్ద పరీక్షల గదిలో పనిచేసే పెద్దావిడ. ఊరికే అడిగింది, బిస్కెట్టు టీలో ముంచుతూ.

"రికార్డు చూశాను. టీమ్ అని ఉంది. టీమంటే హెడ్డేగా." మేడమ్ ఆమె వైపు తిరిగింది. "అయినా మీరే కదా నోట్సు రాసేది? ఆ రోజు అక్కడున్నారు కూడా. ఎవరి ఆలోచనండీ అది?"

ఐదు మొహాలు ఆమె వైపు తిరిగాయి. అందరూ ఆడవాళ్ళే, ఎవరూ నవ్వేలా లేరు. నీలం మూత, కత్తెర, తడిసిన మోకాళ్ళు, అన్నీ గొంతు దాకా వచ్చాయి. తీరా నోరు తెరిస్తే అలవాటైన మాటే బయటికొచ్చింది.

"టీమంతా కలిసి అనుకున్నదేనండీ" అంది.

"చూశారా, అదీ టీమంటే!" అంది వైవిధ్యం మేడమ్ సంతోషంగా. "ఆయన ప్రశంసాపత్రం మీరే రాయండి. బుధవారం సాయంత్రానికి ఇస్తే చాలు. మీ రాత బాగుంటుంది."

ఆమె తలూపింది. తలూపుతూనే రాసుకుంది. చుక్క మాత్రం పెట్టుకోలేదు.

అదే వారం ఆమెకు మరో రాతపని ఉంది. టీమ్‌లో లీడ్ పోస్టు ఖాళీ అయింది. దరఖాస్తు గడువు శుక్రవారం ఐదింటికి. ఇంతకుముందు రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ టీమ్ హెడ్ ఒకే మాట అన్నాడు. "పనిలో నీకు వంక పెట్టను. కానీ నువ్వు మీటింగుల్లో పెద్దగా మాట్లాడవు కదా. లీడంటే నలుగురిలో నోరు విప్పాలి." రాస్తూ మాట్లాడటం ఎలాగో ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఈసారి నియమాలు మారాయి. సిఫార్సులుండవు, రికార్డులో ఉన్న మూడు ఆధారాలు చూపాలి. ఏ మెరుగుదల, ఎవరు చెప్పారు, ఏ తేదీన. ఆడవాళ్ళకు అన్యాయం జరక్కూడదనే ఈ నియమం తెచ్చామని కంపెనీ రాసుకుంది కూడా.

మధ్యాహ్నం తన బల్ల దగ్గర కూర్చుని పదేళ్ళ నోట్సులో తన పేరు వెతికింది. నాలుగు వందల ముప్ఫై ఒక్క చోట్ల దొరికింది. ఒక్క క్షణం గుండె ఉప్పొంగింది. తెరిచి చూస్తే నాలుగు వందల ముప్ఫై చోట్లా పేజీ అడుగున, 'నోట్సు రాసినవారు' అన్న చోటే ఉంది. మిగిలిన ఒక్కటీ 'టీ, బిస్కెట్ల ఏర్పాటు' పక్కన. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. ఆమె పేరును ఎవరూ దొంగిలించలేదు. ఎవరూ కొట్టేయలేదు. పదేళ్ళపాటు ప్రతి సోమవారం, ఒక్క అక్షరం తప్పు లేకుండా, తనే తీసేసుకుంది.

ఇంటికి వెళ్ళేసరికి అత్తగారు హాల్లో ఫోన్ పట్టుకుని చెల్లెలితో మాట్లాడుతోంది. "కొత్త కళ్ళజోడే! ఎంత తేలిగ్గా ఉందనుకున్నావ్. పేపరంతా ఏకబిగిన చదివేస్తున్నా. మావాడే చేయించాడు. ఆ, వాడికి అన్నీ గుర్తే."

ఆమె ఆరిన బట్టల బుట్ట తెచ్చుకుని కింద కూర్చుంది. ఆ కళ్ళజోడు కోసం అత్తగారిని కంటి డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళింది ఆమె. ముక్కు మీద ఒరుసుకుంటోందంటే షాపుకు రెండుసార్లు తిరిగిందీ ఆమే. తెచ్చి ఇచ్చేటప్పుడు మాత్రం "మీ అబ్బాయి చేయించారండీ" అంది. అది కూడా పాత అలవాటే. పెళ్ళైన కొత్తలో తన జీతంతో అత్తగారికి మెత్తటి చెప్పులు కొని తెచ్చింది. "నాకెందుకమ్మా, నీ డబ్బు నువ్వు దాచుకో" అని ఆవిడ వాటిని మంచం కింద పెట్టేసింది, నెల గడిచినా వేసుకోలేదు. తర్వాతి సారి దుప్పటి కొన్నప్పుడు "మీ అబ్బాయి తెచ్చారు" అంటే, ఆ పూటే కప్పుకుంది. ఇంట్లో గొడవ లేకుండా పని జరిగిపోయే దారి దొరికిందని ఆమె అప్పట్లో సంతోషించింది. మందులూ, నడుముకు కట్టుకునే పట్టీ, స్వెట్టరూ అన్నీ ఆ దారినే వచ్చాయి.

అత్తగారు ఫోన్ పెట్టేసింది. ఆమె చేతిలో భర్త చొక్కా ఉంది. గుండీ ఒకటి లేదు.

"అత్తయ్యా, ఆ కళ్ళజోడు చేయించింది నేను" అంది.

అనేశాక గాని అన్నానని తెలియలేదు. అత్తగారు పేపరు మీంచి తలెత్తలేదు.

"తెలుసు."

"తెలుసా? ఎప్పట్నుంచి?"

"దుప్పటి దగ్గర్నుంచి. వాడు దుకాణానికెళ్ళి దుప్పటి కొనే రకమా? నాకు కళ్ళజోడుందన్న సంగతే వాడికి గుర్తుండదు, ఇక నంబరేం గుర్తుంటుంది?"

"మరి పిన్నిగారితో అలా ఎందుకన్నారు?"

"నువ్వు చెప్పిందే చెప్పాను" అంది అత్తగారు. ఈసారి కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుంది. "నీ నోటితో నువ్వే వాడి పేరు చెబుతుంటే, కాదు కాదు నా కోడలే చేయించిందని నేను పోట్లాటకి దిగాలా? నీకే అక్కర్లేంది నాకెందుకు అనుకున్నా."

ఆమె చొక్కా మడత పెట్టడం ఆపేసింది.

"నేనూ అంతేలే. మా అత్తగారికి ముప్ఫై ఏళ్ళు మీ మామయ్య పేరే చెప్పాను. చివరికి మంచం పట్టినప్పుడు ఆవిడ మీ మామయ్య చెయ్యి పట్టుకుని, నువ్వు లేకపోతే నా గతేమయ్యేదిరా నాయనా అంది. నేను పక్కనే ఉన్నా. ఆవిడ కింద పక్కబట్టలు మారుస్తున్నా." అత్తగారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "ఆయన మాత్రం, మా అమ్మకి నేనంటే ప్రాణం అని ఏళ్ళ తరబడి చెప్పుకున్నాడు. ఇంకేం చేస్తాడు, పాపం. ఆయనకి తెలియదుగా."

ఆమె తనకు ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. కోపం వచ్చింది. అత్తగారి మీద కాదు, భర్త మీద కూడా కాదు. ఆ పక్కబట్టల మీద వచ్చింది. లేచి అటక మీది అట్టపెట్టె దించి, పాత స్పైరల్ పుస్తకాలన్నీ బయటికి తీసింది. భోజనాల బల్ల మీద పరిచి, వంట మొదలుపెట్టకుండా చుక్కలు వెతకడం మొదలుపెట్టింది. అత్తగారు ఒకసారి తొంగిచూసి, ఏమీ అడక్కుండా వెళ్ళి బియ్యం కడిగింది.

బుధవారం ఉదయం ఆఫీసులో కూర్చోగానే ఆమె ప్రశంసాపత్రం తెరవలేదు. కొత్త పట్టిక తెరిచింది. ఆ కంపెనీలో ప్రతి సమావేశం నోట్సు అడుగునా ఒక వాక్యం ఉంటుంది. ఆమె దాన్ని నాలుగు వందల ముప్ఫై సార్లు టైపు చేసింది గాని, ఎన్నడూ చదవలేదనే చెప్పాలి. 'అందిన రెండు పనిదినాల్లోగా రాతపూర్వకంగా అభ్యంతరం రాకపోతే అందరూ అంగీకరించినట్టే. సవరణలకూ ఇదే వర్తిస్తుంది.' ఆమె పట్టికకు 'సవరణలు' అని పేరు పెట్టింది. తేదీ, అంశం, ఇదివరకు ఉన్నది, ఇప్పుడు ఉండవలసింది. మొత్తం ముప్ఫై ఎనిమిది వరసలు. ప్రతి వరసలోనూ 'టీమ్' ఉన్న చోట తన పేరు. పక్కన చుక్క ఉన్న పేజీ ఫోటో. తలుపు రబ్బరు మడతలో నీళ్ళు నిలవకుండా రంధ్రం, సబ్బు పెట్టెలో గీత, పిల్లలు మీట నొక్కినా ఆగకుండా తాళం, ఫిల్టర్ పళ్ళెం. రాస్తుంటే ఆమెకే ఆశ్చర్యం వేసింది. ఇన్ని చెప్పానా అనుకుంది.

ఆడవాళ్ళ కమిటీ నోట్సు విడిగా రాసింది. అది ఎక్కువసేపు పట్టింది. అంశం: పళ్ళెం ఆలోచన టీమ్‌ది అన్న సమాధానం. ఎవరు చెప్పారు: అని కాసేపు ఆగి, తన పేరు రాసింది. సవరణ: ఆ సమాధానం నిజం కాదు. ఆలోచన నాది.

తొమ్మిది నలభైకి రెండూ పంపేసింది. లేచి వెళ్ళి టీ తెచ్చుకుంది, ఒక్క కప్పే, తనకి.

పదిన్నరకు టీమ్ హెడ్ ఆమె బల్ల దగ్గరకు వచ్చాడు. మామూలుగా అయితే పిలిపిస్తాడు.

"ఏంటిది?"

"సవరణలు సార్."

"ముప్ఫై ఎనిమిదా?"

"ముప్ఫై తొమ్మిది ఉండాలి సార్. ఒకచోట చుక్క సరిగ్గా కనిపించలేదు, వదిలేశాను."

ఆయన పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "చూడమ్మా, అవార్డు కావాలనుకుంటే ముందే నాతో ఓ మాట అంటే సరిపోయేదిగా. నేనేమన్నా కాదంటానా? ఇలా అందరికీ పంపితే ఎలా ఉంటుంది?"

"అవార్డు గురించి కాదు సార్. లీడ్ పోస్టుకి దరఖాస్తు పెడుతున్నాను. మూడు ఆధారాలు కావాలి."

"అయినా మనమంతా కలిసేగా చేశాం. నిజంగా చెప్తున్నా, ఆ పళ్ళెం నువ్వు చెప్పినట్టు నాకు గుర్తే లేదు."

"సబ్బుపొడి డబ్బా మూత కత్తిరించి మీ ముందు పెట్టాను సార్. మీరు దాని మీద టీ కప్పు పెట్టుకున్నారు."

ఆయన ఆమె బల్ల మీది టీ కప్పు వైపు చూశాడు. "నీలం రంగుది" అన్నాడు చివరికి, మెల్లగా.

"అవును సార్."

చెడ్డవాడు కాదు. ఆ నిమిషంలో ఆయన మొహం చూస్తే ఆమెకు జాలి కూడా వేసింది, పాత అలవాటు కొద్దీ 'పోనీలెండి' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసింది.

"మీకు అభ్యంతరం ఉంటే రాసి పంపండి సార్" అంది. "మీరు అన్నట్టుగానే, మీ పేరుతోనే ఎక్కిస్తాను."

ఆయన రాసి పంపలేదు. మోటార్ల ఇంజనీరు నడవాలో ఎదురై "ఏంటండీ, మొత్తం మీ పేరే రాసేసుకున్నారట!" అని పాత నవ్వు నవ్వాడు. ఆమె తోడు నవ్వలేదు. నవ్వకపోయేసరికి అతను సంచి భుజం మార్చుకుని తప్పుకున్నాడు. మధ్యాహ్నం వైవిధ్యం మేడమ్ ఫోన్ చేసింది. నిజంగానే కంగారు పడింది, పాపం.

"అయ్యో, నిన్న అడిగినప్పుడే చెప్పొచ్చు కదండీ! జ్ఞాపిక మీద ఆయన పేరు చెక్కించేశాం. కార్డులు కూడా వెళ్ళిపోయాయి. ఇప్పుడెలా మరి?"

"అది మీరే చూసుకోండి మేడమ్. ప్రశంసాపత్రం మాత్రం నేను రాయను."

నాలుగేళ్ళలో ఆ నోటి నుంచి ఆవిడ ఆ మాట వినడం అదే మొదలు. "అంటే, టైమ్ లేదా?" అంది.

"ఉందండీ" అందామె.

శుక్రవారం ఉదయం తొమ్మిది నలభై దాటింది. ఒక్క అభ్యంతరం కూడా రాలేదు. సవరణలు రికార్డుకెక్కాయి. మధ్యాహ్నం మూడింటికి సభ జరిగింది. అవార్డు టీమ్ హెడ్‌కే ఇచ్చారు, చెక్కిన పేరు చెరపలేరు కదా. ప్రశంసాపత్రం వైవిధ్యం మేడమ్ స్వయంగా రాసుకుని స్వయంగా చదివింది. 'తన టీమ్‌లోని ఒక మహిళ ఆలోచనకు చోటు ఇచ్చిన పెద్ద మనసుకు' అని. శబ్ద పరీక్షల గది పెద్దావిడ పక్కనుంచి ఆమెను మోచేత్తో పొడిచి, "నీ ఆలోచన నిలబడటానికి చోటు ఆయన దగ్గర అద్దెకి తీసుకున్నావా ఏంటి?" అంది చెవిలో. ఆమెకు సభలో నవ్వాగలేదు. టీమ్ హెడ్ జ్ఞాపిక అందుకుంటూ ఆమె కూర్చున్న వైపు చూశాడు, వెంటనే చూపు తిప్పుకున్నాడు. ఆమె మర్యాదగా రెండుసార్లు చప్పట్లు కొట్టి, లేచి తన బల్ల దగ్గరకు వెళ్ళింది. నాలుగూ ఇరవైకి దరఖాస్తు పంపింది. మూడు ఆధారాలు అడిగిన చోట మూడే పెట్టింది, మిగతా ముప్ఫై అయిదూ దాచుకుంది.

సాయంత్రం ఇంట్లో అత్తగారి చెల్లెలి ఫోన్ మళ్ళీ వచ్చింది. "కళ్ళజోడా? మా కోడలు చేయించిందే" అంటోంది అత్తగారు. టీవీ ముందు కూర్చున్న భర్త తల తిప్పాడు.

"అదేంటమ్మా, నేను కదా చేయించింది?"

ఆ అనడంలో అబద్ధమేమీ లేదు. ఇన్నేళ్ళుగా విని విని అతను నమ్మేశాడు. ఆమె వంటింటి గుమ్మంలో నిలబడి ఆ మొహాన్ని కొత్తగా చూసింది.

"ఏ షాపులోరా?" అంది అత్తగారు.

అతను నోరు తెరిచి, ఆమె వైపు చూశాడు. షాపు పేరు అందిస్తుందనుకున్నాడు. ఆమె అందించలేదు.

సోమవారం పదింటికి సమీక్ష. ఎనిమిది మందీ గుండ్రని బల్ల చుట్టూ కూర్చున్నారు. లీడ్ పోస్టు ఇంటర్వ్యూలు వచ్చే వారం. పేర్ల జాబితాలో ఆమె పేరు ఉంది, అంతవరకే తెలుసు. టీమ్ హెడ్ గొంతు సవరించుకుని మొదటి అంశం చదివాడు, కొత్త మోడల్ ఫిల్టర్. అలవాటుగా ఆమె వైపు చూసి ఆగాడు. మిగతా వాళ్ళూ చూశారు. ఆమె రాయడం మొదలుపెడితే గాని ఆ గదిలో మాట మొదలయ్యేది కాదు, పదేళ్ళుగా.

ఆమె ముందు స్పైరల్ పుస్తకం లేదు. సంచిలోంచి పెన్ను తీసింది, మూత తీయకుండానే బల్ల మధ్యలో పెట్టింది. అందరికీ సమాన దూరంలో.

"ఎవరైనా రాయండి" అంది. "ఇవాళ నేను మాట్లాడాలి."